ఫిక్సింగ్ ప్రతిపాదన వచ్చినప్పుడు: నా అనుభవం

నేను ఆడేది వృత్తి టెన్నిస్‌లో అట్టడుగు మెట్టు, అంటే మొత్తం ప్రైజ్ మనీ 15,000 డాలర్లుండే టోర్నమెంట్లు. అక్కడ సింగిల్స్ మొదటి రౌండులో ఓడితే 200 డాలర్లు కూడా చేతికి రావు. అలాంటి ఒక టోర్నమెంటులో, మ్యాచ్‌కు ముందు రోజు రాత్రి, గతంలో నాతో డబుల్స్ ఆడిన వ్యక్తి టెలిగ్రామ్‌లో సందేశం పంపాడు. రెండో సెట్‌లో ఒక్క సర్వీస్ గేమ్, అంటే నేను సర్వ్ చేసే గేమ్, వదిలేస్తే చాలని, మ్యాచ్ నేనే గెలుచుకోవచ్చని రాశాడు. ఇస్తానన్న మొత్తం టైటిల్ గెలిచినా రానంత పెద్దది.

కుదరదని జవాబిచ్చినంత మాత్రాన బాధ్యత తీరదు. టెన్నిస్ అవినీతి నిరోధక నియమావళి ప్రకారం, ప్రతిపాదనను తిరస్కరించిన ఆటగాడైనా ఆ సంగతిని ఇంటర్నేషనల్ టెన్నిస్ ఇంటెగ్రిటీ ఏజెన్సీకి వీలైనంత త్వరగా చెప్పకపోతే అదే ఉల్లంఘన అవుతుంది. క్రికెట్‌లోనూ ఇంతే, 2019లో బంగ్లాదేశ్ ఆటగాడు షకీబ్ అల్ హసన్‌పై రెండేళ్ల నిషేధం (అందులో ఏడాది అమలును నిలిపి ఉంచుతూ) విధించింది తనను ఫిక్సింగ్ కోసం సంప్రదించిన విషయం దాచినందుకే. అందుకే సందేశాన్ని చెరిపేయకుండా, స్క్రీన్‌షాట్లతో సహా ఆ రాత్రే ఏజెన్సీకి ఈమెయిలు పంపాను.

మర్నాటి మ్యాచ్ అన్నిటికంటే కష్టంగా గడిచింది. రెండో సెట్‌లో నా సర్వీస్ గేమ్ ఒకటి నిజంగానే పోయింది, అదీ రెండు డబుల్ ఫాల్టులతో (ఒకే పాయింటుకు రెండు సర్వ్‌లూ తప్పడం). ఫిర్యాదు ముందే చేసి ఉండకపోతే ఆ గేమ్ గురించి ఎవరికి ఏమని చెప్పుకునేవాణ్ణో!

తర్వాత దర్యాప్తు అధికారి వీడియో కాల్‌లో ఒకే విషయాన్ని పలు వైపుల నుంచి అడిగారు: అతనితో పరిచయం ఎలా, డబ్బు ఎవరిస్తారన్నాడు, కోచ్‌కు చెప్పానా. ఫోన్‌లోని సమాచారాన్ని కాపీ చేసుకుంటామన్నారు. టోర్నమెంటులో చేరినప్పుడే ఆ నియమావళికి కట్టుబడి ఉంటామని ఒప్పుకుంటాం కాబట్టి కాదనడానికి లేదు, అయినా ఇంటివాళ్ల ఫోటోలు, బ్యాంకు సందేశాలు పరాయివాళ్ల చేతికి వెళ్తుంటే ఇబ్బందిగానే అనిపించింది.

ఆపైన అంతా ఎదురుచూపే. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు చెప్పరు, నేనూ ఎవరితోనూ అనకూడదు. అతను అదే లాకర్ గదిలో ఎదురుపడితే మామూలుగా పలకరించాలి. ఈ గోప్యత న్యాయమైనదే. నాకు మింగుడుపడనిది వేరే ఉంది: కింది స్థాయి మ్యాచ్‌ల లైవ్ స్కోర్లు బెట్టింగ్ కంపెనీలకు చేరేలా అమ్మడమే వాటిపై పందేలకు దారి తెరిచిందని బ్రిటిష్ న్యాయవాది ఆడం లూయిస్ నేతృత్వంలో టెన్నిస్‌పై జరిగిన స్వతంత్ర సమీక్ష 2018లోనే చెప్పింది, కానీ శిక్షల జాబితాలో మాత్రం ఎక్కువగా కనిపించేది ఆటగాళ్లు, అంపైర్ల పేర్లే.

చివరికి లిఖిత వాంగ్మూలం అడిగారు. కేసు విచారణకు వస్తే నేను సాక్ష్యం చెప్పాల్సి రావచ్చని, అప్పుడు అతనికి నా పేరు తెలుస్తుందని, ఆ తీర్పుపై లోజాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి అప్పీలు ఉంటుందని ముందుగానే వివరించారు. చదువుకుని సంతకం చేశాను.