బిస్మత్ సెలెనైడ్‌పై పరారుణ కాంతి: ఆ కరెంటు ఎక్కడిది?

పరిశోధక విద్యార్థిగా నాకు అప్పగించిన పని వినడానికి తేలికగానే ఉంది. బిస్మత్ సెలెనైడ్ పలుచని పొరపై 800 నానోమీటర్ల పరారుణ లేజర్ కాంతిని వేసి, బయటి నుంచి ఏ వోల్టేజీ ఇవ్వకుండానే కరెంటు పుట్టించాలి. ఇది టోపోలాజికల్ ఇన్సులేటర్, అంటే లోపల కరెంటు పారనివ్వక ఉపరితలంపై మాత్రం పారనిచ్చే పదార్థం. దాని ఉపరితలంపై ఎలక్ట్రాన్ల స్పిన్ (వాటిని చిన్న అయస్కాంతాల్లా ప్రవర్తింపజేసే గుణం), అవి కదిలే దిశకు కట్టుబడి ఉంటుంది కనుక, వృత్తాకార ధ్రువణం గల కాంతి (విద్యుత్ క్షేత్రం గుండ్రంగా తిరుగుతూ సాగే కాంతి) ఒక దిక్కుకు వెళ్లేవాటినే ఎక్కువగా ఉత్తేజపరుస్తుంది. కాంతి తిరిగే వైపు మారిస్తే ప్రవాహమూ తిరగబడాలి. 2012లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు ఇదే పదార్థంలో దీనిని చూపించారు.

స్ఫటికాన్ని టేపుతో పొరలుగా ఒలిచి, సిలికాన్ బిళ్లపైకి ఎక్కించి, రెండు చివరలా బంగారు ఎలక్ట్రోడ్లు వేయించాను. లోపలి భాగం బంధకమన్నది పుస్తకంలోని మాట. సెలీనియం పరమాణువులు అక్కడక్కడ లోపించడం వల్ల నా ముక్కలో లోపల కూడా కరెంటు పారుతూనే ఉండేది. అయితే లోపలి అమరికకు విలోమ సౌష్ఠవం (ఒక కేంద్రం మీదుగా ప్రతి పరమాణువునూ ఎదురువైపుకు మార్చినా అమరిక మారకపోవడం) ఉండడంతో, ధ్రువణాన్ని బట్టి తిరగబడే ఈ ప్రవాహం అక్కడ పుట్టదు. నేను వెతికేది ధ్రువణాన్ని బట్టి వచ్చే ఆ తేడానే.

మొదటి రోజే, రొదలోంచి చిన్న సంకేతాన్ని ఏరి కొలిచే లాక్-ఇన్ యాంప్లిఫయర్‌లో కరెంటు కనిపించింది. సంబరం ఎంతోసేపు నిలవలేదు, ఎందుకంటే కాంతి ధ్రువణాన్ని మార్చే క్వార్టర్ వేవ్ ప్లేటును ఎటు తిప్పినా అంకె దాదాపు కదలలేదు. కెమెరాలో చూస్తూ లేజర్ చుక్కను ఎడమ ఎలక్ట్రోడ్ నుంచి కుడి ఎలక్ట్రోడ్ దగ్గరికి జరిపితే గుర్తు మాత్రం ధనం నుంచి రుణానికి మారింది. అంటే అది వేడి వల్ల పుట్టిన కరెంటు. చుక్కను సరిగ్గా నడిమికి తెస్తే రెండు వైపుల వేడి ప్రభావాలూ చాలావరకు రద్దయ్యాయి, కానీ నాకు కావలసినది అప్పటికీ కనిపించలేదు.

తప్పు నాదేనని తెలియడానికి మూడు వారాలు పట్టింది. ఏటవాలుగా వచ్చే కాంతి కిరణమూ, నమూనా ఉపరితలానికి గీసిన లంబరేఖా ఉండే తలానికి లంబంగానే ఆ ప్రవాహం ఏర్పడుతుంది. నేనేమో ఎలక్ట్రోడ్లను ఆ తలంలోనే ఉండేలా అమర్చుకున్నాను. నమూనాను 90 డిగ్రీలు తిప్పి బిగించి, వేవ్ ప్లేటును 5 డిగ్రీలకొకసారి ఆపుతూ, ఒక పూర్తి చుట్టు కొలిచాను. వృత్తాకార ధ్రువణం వల్ల వచ్చే, 180 డిగ్రీలకు ఒకసారి పునరావృతమయ్యే తరంగం గ్రాఫులో స్పష్టంగా లేచింది. దానిపై 90 డిగ్రీలకు పునరావృతమయ్యే చిన్న తరంగం, అంటే రేఖీయ ధ్రువణం (విద్యుత్ క్షేత్రం ఒకే గీత వెంట ఊగడం) వల్ల వచ్చేది, కలిసి ఉంది. అనుమానం తీరక కాంతిని నిట్టనిలువుగా వేసి మళ్లీ కొలిచాను. సౌష్ఠవం చెప్పినట్టే పెద్ద తరంగం రొదలో కలిసిపోయింది.