గువ్వలచెరువు ఘాట్‌లో కాలిన వాసన

కారు కొని ఆరు వారాలయింది. మీటరులో ఇంకా తొమ్మిది వందల కిలోమీటర్లు కూడా నిండలేదు. దేవుని కడపలో పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన రోజు నుంచీ నాయనది ఒకటే మాట: "రాయచోటి వీరభద్రునికి ఒకసారి మొక్కుకోని రావల్ల." కార్తీక మాసంలో ఒక ఆదివారం కుదిరింది. నాయన, నేను, నా భార్య, మా బామ్మర్ది బయల్దేరాం.

రాత్రంతా వాన పడింది. పొద్దున్నే కారు వెనక్కి తీస్తూ బ్రేకు తొక్కితే గరగరమని చప్పుడు. గుండె ఝల్లుమంది. వీధి చివర మెకానిక్ అప్పుడే షెడ్డు తెరుస్తున్నాడు. చక్రం సందుల్లోంచి టార్చి వేసి చూపించాడు. నిన్న మెరిసిన బ్రేకు డిస్కు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం) మీద గోధుమరంగు తుప్పు పల్చగా పట్టింది. "పోత ఇనుము కదన్నా, ఒక్క రాత్రి తడిస్తే చాలు. పది సార్లు తొక్కితే ప్యాడ్లే గీకేస్తాయి" అన్నాడు. డిస్కును నొక్కి బండిని ఆపే బిళ్లలే ప్యాడ్లు. ఎండ రోజున కూడా సన్నగా ఈల వేసినట్టు ఆగకుండా చప్పుడొస్తే మాత్రం రమ్మన్నాడు. ప్యాడు అరిగినాక డిస్కుకు తగిలి కూయడానికే కొన్నిటికి చిన్న రేకు పెడతారట. అతను చెప్పినట్టే, ఊరు దాటేలోపు గరగర పోయింది.

పొలాలు అయిపోయాక పాలకొండలు ఎదురొచ్చాయి. వాన వెలిసిన కొండ పచ్చగా, మలుపు మలుపుకీ పొగమంచు. ముందు లోడు లారీలు మూలుగుతూ ఎక్కుతుంటే వాటి వెనక మూడో గేరులో, రెండో గేరులో మెల్లగా ఎక్కాం. పైన గువ్వలచెరువులో కోవా అంగళ్ల ముందు ఆగకుండా పోయిన కడప మనిషిని నేను చూడలేదు. తిరుగు ప్రయాణంలో కొనుక్కుందామని అప్పుడు మాత్రం ఆగలేదు. రాయచోటిలో దర్శనం బాగా జరిగింది. నాయన భద్రకాళీ అమ్మవారి ముందు చాలాసేపు నిలబడ్డాడు.

మధ్యాహ్నం రెండు కిలోల కోవా కట్టించుకుని కడప వైపు దిగడం మొదలుపెట్టాం. తప్పు చేసింది ఇక్కడే. రోడ్డు బాగుంది, బండి దానంతటదే జారిపోతోంది. నాలుగో గేరులోనే ఉంచి, కాలు బ్రేకు మీద నుంచి తీయకుండా దిగుతున్నాను. "న్యూట్రల్లో ఏస్తే పెట్రోలు మిగుల్తాది బావా" అని బామ్మర్ది అన్నాడు. అదొక్కటి చేయలేదు, దేవుడి దయ. ఈ కాలం ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు పోయడమే ఆగిపోతుంది. న్యూట్రల్లోనైతే ఇంజను ఆగకుండా తిరగడానికి ఎంతో కొంత తాగుతూనే ఉంటుంది. అంటే మిగిలేదేమీ లేదు, పైగా బండిని పట్టి ఉంచేది బ్రేకు ఒక్కటే అవుతుంది.

నాలుగైదు మలుపులు దిగాక కాలిన వాసన వచ్చింది. ముందు పోతున్న లారీది అనుకున్నాను. తర్వాతి మలుపులో ఎంత గట్టిగా తొక్కినా బండి రోజూ ఆగినట్టు ఆగడం లేదు. చేతులు చల్లబడ్డాయి. మూడుకి, ఆ వెంటనే రెండుకి మార్చాను. ఇంజను గట్టిగా అరిచింది కానీ వేగం తగ్గింది. ఎడమ పక్కన కాస్త వెడల్పు జాగా కనిపిస్తే అక్కడ ఆపాను. వెనక నాయన ఒక్క మాట కూడా అనలేదు. అద్దంలో ఆయన మొహం చూసినప్పుడు కలిగిన బాధ ఇంకా పోలేదు.

అక్కడే ఒక లారీ ఆగి ఉంది. డ్రైవరు మా ముందు చక్రాల దగ్గర వంగి వాసన చూసి, క్లీనరుతో ఒక రాయి తెప్పించి చక్రానికి అడ్డం పెట్టించాడు. నా భార్య నీళ్ల బాటిల్ తెస్తుంటే వారించాడు. "వద్దమ్మా, సల్లనీళ్లు పోస్తే డిస్కు వంకర పోతాది. గాలికే ఆరనీ." హ్యాండ్‌బ్రేకు కూడా లాగొద్దు, రివర్స్ గేరులో పెట్టి ఆపు అన్నాడు. తర్వాత నాతో, "ఏ గేరులో ఎక్కితివో ఆ గేరులోనే దిగల్ల సామీ. బ్రేకు కాలికి కాదు, అవసరానికి" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు: దిగుడులో ఇంజను మాత్రం ఎప్పుడూ ఆపొద్దు. ఇంజను ఆగితే రెండు మూడు తొక్కుళ్లకే పెడల్ రాయిలా గట్టిపడుతుంది, ఎందుకంటే బ్రేకుకు బలాన్నిచ్చే బూస్టరు ఇంజను మీదే ఆధారపడుతుంది.

నలభై నిమిషాలు ఆగి, రెండో గేరులో దిగాం. అవసరమైన చోట ఒక్కసారి గట్టిగా తొక్కి వదిలేశాను. బ్రేకు మామూలుగానే పట్టింది.

మరుసటి రోజు మెకానిక్ చక్రాలు విప్పి చూశాడు. ప్యాడ్లు బాగానే ఉన్నాయి. కొత్త ప్యాడ్లు సరిగా సర్దుకోకముందే బాగా వేడెక్కితే వాటిలోని జిగురు పదార్థం ఆవిరై, డిస్కుకూ ప్యాడుకూ మధ్య చేరి పట్టు తప్పిస్తుందట. అందుకే మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బ్రేకును సున్నితంగా వాడమంటారు. నా బండిలో అంతవరకే జరిగింది. ఇంకా దిగి ఉంటే బ్రేక్ ఆయిల్ మరిగేదేమో. మనం ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు, పెడల్ తొక్కిన బలాన్ని చక్రాల దాకా మోసే, గాలిలోని తేమను పీల్చే ద్రవం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరి, పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చమని చెప్పి, డబ్బా మీద టేపు అంటించి తేదీ రాశాడు. డబ్బాలో మట్టం తగ్గితే ఊరికే పోసేయకుండా ముందు ప్యాడ్లు ఎంత అరిగాయో చూడమన్నాడు.

సంక్రాంతికి మళ్లీ రాయచోటి వెళ్లాం. ఈసారి కారు బామ్మర్ది చేతిలో ఉంది. తిరిగొస్తూ కోవా అంగళ్లు దాటి, దిగుడు మొదలవక ముందే, నేను చెప్పేలోపు వెనక సీట్లోంచి నాయన ముందుకు వంగి, "రెండులో ఎయ్, అబ్బోడా" అన్నాడు.