బరువు ఏ కాలి మీద ఉంది?

గ్రేట్ వాల్, ఫర్బిడెన్ సిటీ గురించి చాలామంది రాసేశారు. నాకు చెప్పాలనిపిస్తున్నది బీజింగ్‌లోని టెంపుల్ ఆఫ్ హెవెన్ పార్కు గురించి.

ఐదో లైన్ మెట్రో దిగి పొద్దున్నే తూర్పు గేటులోంచి లోపలికెళ్లాం. 1420లో కట్టిన ఆలయం కూడా చూడాలంటే టికెట్ 34 యువాన్లు, అంటే మనిషికి దాదాపు నాలుగు వందల రూపాయలు. ఇంటిల్లిపాదీ వెళ్తే గట్టిగానే తగులుతుంది. నేనైతే ఆలయం ముందు కన్నా సైప్రస్ చెట్ల కిందే ఎక్కువసేపు ఉండిపోయాను.

అక్కడ పెద్దవాళ్లు తాయ్ చీ, అంటే నెమ్మది కదలికల చైనా వ్యాయామం, చేస్తున్నారు. 1956లో ప్రభుత్వం జనం కోసం కుదించిన 24 భంగిమల వరస అది. అంతా కలిపి ఐదారు నిమిషాలే. వెనకాల నిలబడి నేనూ కలిశాను. డెబ్బై దాటిన ఒకావిడ వచ్చి నా భుజాలు కిందికి నొక్కింది. తర్వాత వంగి నా ఎడమ పాదం తట్టి, లేపమన్నట్టు సైగ చేసింది. బరువంతా కుడికాలి మీదకి వెళ్లేదాకా వదల్లేదు. అప్పుడు మడమ మాత్రం ఆనించమంది. నేల గట్టిదని తెలిశాకే బరువు మెల్లగా అటు మార్చాలి.

బ్యాలెన్స్ అంటే రెండు కాళ్ల మీద సమానంగా నిలబడటం అనుకుంటాం. తాయ్ చీలో అలా నిలబడిపోతే తప్పు. ఒక కాలు నిండితే ఇంకోటి ఖాళీ కావాలి, మళ్లీ అది నిండాలి. చైనా వాళ్లు చెప్పే యిన్, యాంగ్, అంటే ఒకదాన్నొకటి పూరించే రెండు వ్యతిరేక గుణాలు, ఇవేనని నాకు పుస్తకాల్లో ఎప్పుడూ ఎక్కలేదు, తొడలు వణికాక ఎక్కింది.

ఆవిడ ఫ్లాస్కులోంచి వేణ్నీళ్లు పోసిచ్చింది. ఎండాకాలమైనా అక్కడ వేడివే తాగుతారు. అల్లం వేడి, పీత చలవ, రెండూ కలిపి తినాలంటారు. మామిడిపండు తింటే వేడి చేస్తుందని మజ్జిగ తాగించే మా అమ్మమ్మ ఆవిడతో హాయిగా కబుర్లాడేది.

పెద్దవాళ్లు పడిపోవడం తాయ్ చీతో తగ్గుతుందని పరిశోధనలూ చెబుతున్నాయి. నిరుడు అమ్మ బాత్రూమ్‌లో జారిపడ్డప్పటి నుంచి ఇంట్లో అందరికీ అదే టెన్షన్. హైదరాబాద్ వచ్చాక ఆ ఒక్క అడుగే ఆమెకి నేర్పిస్తున్నాను. మొదట గోడ పట్టుకుని చేసేది, ఇప్పుడు గోడకి జానెడు దూరంలో చేస్తోంది.