గుజ్జు ఎంత అరిగింది? ఎం.ఎస్. ఆర్థో పరీక్షకు నేను ఈ టాపిక్ చదివిన తీరు

ప్రీఫైనల్స్‌లో ఒక ప్రశ్న వచ్చింది: మోకాలి ఆస్టియోఆర్థ్రైటిస్‌లో (కీలు అరిగే జబ్బు) కార్టిలేజ్ డ్యామేజ్‌ను, అంటే గుజ్జు ఎంత దెబ్బతిందో, అంచనా వేసే పద్ధతులను పోల్చండి. చూడగానే ప్రాణం లేచొచ్చింది. కెల్‌గ్రెన్-లారెన్స్, ఆల్‌బాక్, ఔటర్‌బ్రిడ్జ్, ఐసీఆర్‌ఎస్, మ్యాంకిన్... అరుగుదలని కొలిచే ఈ స్కోర్లూ, వాటి గ్రేడ్లన్నీ నోటికి వచ్చు. నాలుగు పేజీలు నింపేశాను. పేపర్ దిద్ది ఇచ్చినప్పుడు మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో రెండే మాటలు ఉన్నాయి: "పోలిక ఎక్కడ?" పదికి నాలుగు మార్కులు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫైనల్స్‌కి చదువుతున్న మీలో చాలామంది దీన్ని నాలాగే పట్టికలుగా బట్టీ పడుతూ ఉంటారు, అందుకే రాస్తున్నాను.

నా చదువు మారింది పుస్తకం ముందు కూర్చున్నప్పుడు కాదు, వార్డులో. మోకాలి మార్పిడి ఆపరేషన్‌కి చేరిన ఒక అవ్వకి కేస్ షీట్ రాస్తుంటే, ఎక్స్‌రే వైపు చూపిస్తూ అడిగింది: "గుజ్జు మొత్తం అరిగిపోయిందా బిడ్డా? ఇందులో కనబడుతుందా?" గ్రేడ్ 4 అని అప్పటికే రాసేశాను. కానీ ఆమె అడిగినదానికి నిజమైన జవాబు ఏమిటంటే, ఎక్స్‌రేలో గుజ్జు కనబడదు. కనబడేది రెండు ఎముకల మధ్య ఖాళీ. ఆ ఖాళీలో కార్టిలేజ్‌తో పాటు మెనిస్కస్ (ఎముకల మధ్య మెత్తలా ఉండే భాగం) కూడా ఉంటుంది. మెనిస్కస్ చిరిగినా, పక్కకి జరిగినా ఖాళీ తగ్గుతుంది. అలాంటప్పుడు కార్టిలేజ్ పోయిందని ఎలా తేల్చి చెబుతాం?

అప్పటినుంచి ప్రతి పద్ధతినీ ఒకే ప్రశ్నతో చదివాను: ఇది నేరుగా దేన్ని చూస్తోంది, దేన్ని ఊహిస్తోంది?

ఎక్స్‌రే దగ్గర ఎక్కువ సమయం పెట్టండి, వైవాలో (నోటి పరీక్షలో) అడిగేది అదే. కెల్‌గ్రెన్-లారెన్స్ 1957 నాటిది, 0 నుంచి 4 దాకా. గ్రేడ్ 2 అనాలంటే ఆస్టియోఫైట్లు (అంచున పెరిగే ఎముక మొలకలు) ఖచ్చితంగా ఉండాలి, ఖాళీ ఖచ్చితంగా తగ్గడం గ్రేడ్ 3లో వస్తుంది. అంటే ముందు ఎముక మొలకలు, తర్వాత అరుగుదల అనే వరుసను ఇది ముందే అనుకుంటుంది. ఖాళీ బాగా తగ్గి, ఆస్టియోఫైట్లు లేని మోకాలిని ఏ గ్రేడ్‌లో పెట్టాలో తెలియక తికమక పడతాం. పైగా మోకాలు మొత్తానికీ ఒకటే అంకె. 1968లో వచ్చిన ఆల్‌బాక్ ఆస్టియోఫైట్లను పక్కన పెట్టి ఖాళీని, ఆ తర్వాత ఎముక అరుగుదలను చూస్తుంది. అందుకే ముదిరిన మోకాళ్లను అది బాగా విడదీస్తుంది, తొలిదశ దానికి చిక్కదు.

ఫిల్మ్ నిలబెట్టి తీసిందా, పడుకోబెట్టి తీసిందా అన్నది చూడకుండా గ్రేడ్ చెప్పకండి. ఒక మాక్ వైవాలో నేను ఆ తప్పే చేశాను. బరువు మోపకపోతే ఖాళీ ఉన్నట్టే కనబడుతుంది. రోజెన్‌బర్గ్ వ్యూ (1988) ఎందుకో కూడా అక్కడే అర్థమవుతుంది: మోకాలు 45 డిగ్రీలు వంచి నిలబెడితే కాండైల్ (తొడ ఎముక కింది గుండ్రటి చివర) వెనకభాగం మీద బరువు పడుతుంది, నిటారు ఫిల్మ్‌లో దాక్కున్న అరుగుదల బయటపడుతుంది.

ఇక ఆ అవ్వ ఆపరేషన్ రోజు. టిబియా (మోకాలి కింది ఎముక) నుంచి కోసి తీసిన ముక్కను ట్రేలో పెట్టారు. సార్‌ని అడిగి, దాన్ని కడిగి, ఎక్స్‌రే పక్కన పెట్టుకుని చూశాను. లోపలివైపు కార్టిలేజ్ అన్నదే లేదు, ఎముక ఏనుగు దంతంలా నున్నగా మెరుస్తోంది. దాని అంచున పాత తువ్వాలు పోగులు లేచినట్టు చీలికలు. బయటివైపు మాత్రం తెల్లగా, ప్రోబ్‌తో నొక్కితే కొద్దిగా లోపలికి పోయి మళ్లీ పైకి వస్తోంది. అరచెయ్యంత వెడల్పు కూడా లేని ఒకే ముక్క మీద గ్రేడ్లన్నీ ఉన్నాయి. నా కేస్ షీట్‌లో ఉన్నది ఒకటే అంకె. సగం మోకాలు మార్పిడి గురించి ఆలోచించేటప్పుడు వాల్గస్ స్ట్రెస్ ఫిల్మ్ (మోకాలిని లోపలివైపుకి నెట్టి, బయటివైపు గుజ్జు మిగిలిందో లేదో చూసే ఎక్స్‌రే) ఎందుకు తీస్తారో ఆ ముక్క చూశాక మళ్లీ చదవాల్సిన పని పడలేదు. మీరూ ఒక్కసారి అడిగి చూడండి, ఏ సీనియరూ కాదనడు.

ఆర్థ్రోస్కోపీ (కీలులోకి చిన్న కెమెరా పెట్టి చూడటం) గ్రేడ్లలో పరీక్షకి పనికొచ్చే తేడా ఒకటి ఉంది. ఔటర్‌బ్రిడ్జ్ (1961) పటెల్లా (మోకాలి చిప్ప) కోసం రాసింది. అందులో 2కీ 3కీ తేడా వెడల్పు, అరంగుళం లోపా, పైనా అన్నది. ఐసీఆర్‌ఎస్‌లో తేడా లోతు, మందంలో సగం లోపా, పైనా అన్నది. ఒకే గాయానికి రెండింట్లో వేర్వేరు గ్రేడ్లు రావచ్చు. నా ఫైనల్ పేపర్‌లో ఈ ఒక్క వాక్యానికి చిన్న బొమ్మ వేశాను. ఆర్థ్రోస్కోపీ ఉపరితలాన్ని కళ్లారా చూస్తుంది, మెత్తబడటాన్ని ప్రోబ్‌తో పట్టుకుంటుంది. కానీ అరుగుదల ఎంతో తెలుసుకోవడానికే ఎవరి మోకాల్లోనూ స్కోప్ పెట్టం కదా.

ఎంఆర్‌ఐలో వార్మ్స్ (2004), మోక్స్ (2011) పరిశోధనలో వాడే స్కోర్లు. మోక్స్ కార్టిలేజ్‌ని 14 భాగాలుగా విడదీసి, ఒక్కో భాగానికి ఎంత మేర దెబ్బతింది, అందులో ఎముకదాకా పోయింది ఎంత అని రెండు అంకెలు ఇస్తుంది. ఇంతవరకు తెలిస్తే చాలు. నాకు నిజంగా నచ్చింది డీజెమ్రిక్, కాంట్రాస్ట్ మందు ఇచ్చి తీసే ఎంఆర్‌ఐ పద్ధతి. కార్టిలేజ్‌లోని గ్లైకోసమైనోగ్లైకాన్లకి (నీటిని పట్టి ఉంచే చక్కెర గొలుసులు) రుణావేశం, ఇచ్చే గాడోలినియం కాంట్రాస్ట్‌కీ రుణావేశమే. ఆరోగ్యంగా ఉన్న చోట కాంట్రాస్ట్‌ని తోసేస్తుంది, గ్లైకోసమైనోగ్లైకాన్లు తగ్గిన చోట లోపలికి రానిస్తుంది. పైపొర చెక్కుచెదరకముందే లోపలి నష్టం తెలుస్తుంది. టీ2 మ్యాపింగ్ అనే మరో ఎంఆర్‌ఐ పద్ధతి అయితే నీటినీ, కొల్లాజెన్ అమరికనూ చెబుతుంది, కాంట్రాస్ట్ అక్కర్లేదు.

కార్టిలేజ్ ముక్కను మైక్రోస్కోప్‌లో చూసి వేసే మ్యాంకిన్ స్కోర్ (1971) మొత్తం 14: నిర్మాణానికి 6, కణాలకి 3, శాఫ్రనిన్-ఓ రంగుకి 4, టైడ్‌మార్క్‌కి (మెత్తటి పొరకీ గట్టిపడిన పొరకీ మధ్య గీత) 1. అది తుంటి కార్టిలేజ్ మీద తయారైందని రాయడం మరవద్దు. 2006 నాటి ఓఏఆర్‌ఎస్‌ఐ పద్ధతిలో లోతు గ్రేడ్‌ని (6) విస్తీర్ణం స్టేజ్‌తో (4) గుణిస్తే గరిష్ఠం 24. రెండింటికీ కణజాలం కోసి తీయాలి, కాబట్టి నడిచొచ్చిన పేషెంట్‌కి ఇవి ఉపయోగపడవు. వోమాక్ అనే ప్రశ్నావళిని మాత్రం ఈ జవాబులో కలపకండి. అది నొప్పి, బిగుసుకుపోవడం, పనులు చేసుకోగలగడం గురించి అడుగుతుంది. కార్టిలేజ్‌కి నరాలే లేవు, గ్రేడ్ 2తో కుంటేవాళ్లూ, గ్రేడ్ 4తో పొలానికి వెళ్లేవాళ్లూ మన ఓపీలోనే ఉన్నారు.

ఫైనల్ ప్రాక్టికల్స్‌లో షార్ట్ కేస్ మోకాలే వచ్చింది. ఎక్స్‌రే ఇచ్చి గ్రేడ్ ఎంత అన్నారు. "ఇది నిలబెట్టి తీసిన ఫిల్మేనా సార్?" అని అడిగాను. ఎగ్జామినర్ కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టి, "కూర్చో, ఇప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు.