ఇల్లు లేనివాడి షుగర్‌కి ఫోన్‌లో మెసేజ్

“ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టుకో. మూడు పూటలా వేళకు తిను.” నా షుగర్ జబ్బు చూసిన డాక్టరు తలెత్తకుండానే అన్న మాట ఇది. నాకు ఇల్లు లేదన్న సంగతి ఆయన ముందున్న కాగితంలోనే ఉంది. నాకు ఒళ్లు కుదుటపడింది గానీ ఆ మాట మీద కోపం మాత్రం తగ్గలేదు. తెరవని ఇన్సులిన్‌నే 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. వాడుకలో ఉన్న ఇన్సులిన్ పెన్ను, అంటే మందు నింపిన పెన్నులాంటి సూది, చాలా రకాల్లో 28 రోజుల దాకా, 30 డిగ్రీలు దాటని నీడలో ఉంటే చాలు. కాబట్టి మాలాంటివాళ్లకు ఒక్కో పెన్నే ఇవ్వాలి. దాన్ని ప్లాస్టిక్ కవర్లో వేసి, పైన తడిగుడ్డ చుట్టి, గాలి తగిలేచోట ఉంచాలి. ఐసు ముక్కల మీద పెడితే గడ్డకట్టొచ్చు, గడ్డకడితే ఇక పనికిరాదు. ఈ నాలుగు మాటలూ చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

అసలు భయం ఒక రాత్రి తెలిసింది. భోజనానికి అరగంట ముందు వేసుకోమన్న ఇన్సులిన్‌ని చెప్పినట్టే వేసుకున్నాను. ఉచిత భోజనం వరుసలో నా వంతు వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. చెమటలు, వణుకు, చూపు మసక, నాలుక తిరగదు. “తాగి పడ్డాడు, వదిలెయ్” అంటూ ఎవరో దాటిపోయారు. షుగర్ పడిపోయినవాడు చూడడానికి తాగినవాడిలాగే ఉంటాడు. పక్కన పడుకునే పెద్దాయన గుర్తుపట్టి నీళ్లలో పంచదార కలిపి తాగించాడు. దేవుడు ఆయన రూపంలో వచ్చాడనే నా నమ్మకం.

షుగర్ 70 కంటే తగ్గితే 15 గ్రాముల చక్కెర, అంటే సుమారు మూడు టీస్పూన్లు తీసుకోవాలి. పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి, ఇంకా తక్కువుంటే మళ్లీ అంతే. స్పృహ తప్పినవాడి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, అంబులెన్స్‌ని పిలవాలి.

తర్వాత నా చికిత్సను చూసిన నర్సమ్మ రెండు పనులు చేసింది. డాక్టరుతో మాట్లాడి, తినబోయేముందు వేసుకునే వేగంగా పనిచేసే రకానికి మార్పించింది. పళ్లెం చేతికొచ్చాకే సూది. రెండోది, నా పాత బటన్ ఫోన్‌కి మెసేజ్‌లు పెట్టించింది.

ఆ మెసేజ్‌లు నాకు ఉపయోగపడింది రాసిన తీరు వల్లే. తెలుగు లిపిలో ఒక ఎస్సెమ్మెస్‌కి 70 అక్షరాలే పడతాయి, గుణింతం గుర్తుకూడా ఒక అక్షరం కిందే లెక్క. అందుకే “రాత్రి తిండి దొరికిందా? 1 అవును, 2 లేదు” అన్నంతే ఉండేది. జబ్బు పేరు ఉండదు, మనిషి పేరు ఉండదు. ఫోన్ పోతుంది, నంబరు ఇంకొకరికి వెళుతుంది, పక్కవాళ్లు చదువుతారు. జవాబుకి డబ్బు పడకూడదు, బ్యాలెన్స్ ఉండదు కదా. 2 నొక్కితే ఎవరో ఒకరు ఫోన్ చేసేవారు. ఆ మనిషి లేకపోతే అది ఉత్త గంట మోతే.

ఇలాంటివి నడిపేవాళ్లు ఒకటి గట్టిగా గుర్తుంచుకోవాలి. “ఇప్పుడు సూది వేసుకోండి” అని ఎప్పుడూ పంపొద్దు. ఛార్జింగ్ లేక ఫోన్ ఆగిపోతే మెసేజ్ నెట్‌వర్క్‌లోనే ఆగి, ఫోన్ వెలిగాక వస్తుంది. రాత్రిది పొద్దున వస్తే, రెండోసారి వేసుకునే ప్రమాదం ఉంది. మెసేజ్‌కి గడువు పెట్టొచ్చు, గంట దాటితే అందకుండా. తిండి లేని పూట ఏది మానాలో, ఏది మానకూడదో డాక్టరు ముందే మనిషి మనిషికీ విడిగా రాసివ్వాలి. భోజనం ముందు సూది మానేస్తాం గానీ, రోజంతా పనిచేసే ఇన్సులిన్‌ని సొంతంగా ఆపేస్తే, టైప్ 1 వాళ్లకు, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకానివాళ్లకు, ప్రాణం మీదికొస్తుంది.

వరసగా జవాబు రాకపోతే ఇంకో మెసేజ్ పంపి ఊరుకోవద్దు, పడుకునే చోటికి మనిషిని పంపండి.

నాకు సాయంత్రం “కాళ్లు చూశారా?” అని వచ్చేది. తడిసిన మేజోళ్లు విప్పి, వేళ్ల సందులు తుడిచి, చెప్పుల్లో రాయి ఉందేమో దులిపి చూసేవాణ్ణి. నరాలు మొద్దుబారితే పుండు నొప్పే తెలియదు. ఎర్రబడినా, చీము పట్టినా తెల్లారేదాకా ఆగకుండా ఆ రోజే చూపించండి.