ప్రింటింగ్ టెక్నాలజీ పేపర్: పరిభాష బిట్లు ఎలా చదవాలి

ఫలితాల లిస్టులో నా హాల్‌టికెట్ నంబరు కనిపించాక మనసు కుదుటపడింది. అప్పటినుంచి ఎక్కువమంది అడుగుతున్నది ఆఫ్‌సెట్ (ప్లేటు మీద నీళ్లు, ఇంకు వాడే ముద్రణ), డిజిటల్ టెర్మినాలజీ బిట్ల గురించే. నిర్వచనాలు వరసపెట్టి బట్టీ కొట్టకండి. ఇచ్చే నాలుగు ఆప్షన్లూ దగ్గరదగ్గర పదాలే కాబట్టి, పోలిక ఉన్న రెండేసి పదాలను పక్కపక్కన పెట్టుకుని తేడా ఎక్కడుందో పట్టుకోండి.

నాకు సబ్జెక్టు వంటబట్టింది స్కమ్మింగ్, టింటింగ్ దగ్గరే. రెండింటిలోనూ ఖాళీగా ఉండాల్సిన చోట ఇంకు పడుతుంది. స్కమ్మింగ్‌లో లోపం ప్లేటుది. ఇమేజ్ లేని భాగం నీటిని నిలుపుకోలేక ఇంకును పట్టేస్తుంది. డ్యాంపెనింగ్ (ప్లేటును తడపడం) చాలకపోయినా, గమ్మింగ్ (ప్లేటుకు జిగురు పూత) సరిగా చేయకపోయినా, డ్యాంపెనింగ్ రోలర్లు మురికిపట్టినా అంతే. టింటింగ్‌లో ప్లేటు బాగానే ఉంటుంది. ఇంకు సన్నటి రేణువులుగా ఫౌంటెన్ సొల్యూషన్‌లో (ప్లేటును తడిపే నీటి ద్రావణం) కలిసిపోయి, షీటు మొత్తం మీద పల్చటి రంగు పరుస్తుంది. తడి స్పాంజితో ప్లేటు తుడిస్తే టింటింగ్ పోతుంది, మెషీన్ నడపగానే మళ్లీ వస్తుంది. స్కమ్మింగ్ అంత తేలిగ్గా వదలదు. 'నీళ్లు పెంచితే టింటింగ్ తగ్గుతుంది' అన్న ఆప్షన్ జోలికి పోవద్దు. ఇంకు నీళ్లలో కలవడమే జబ్బైనప్పుడు నీళ్లు పెంచితే అది ముదురుతుంది. ఆమ్ల ఫౌంటెన్ సొల్యూషన్ పీహెచ్ సాధారణంగా 4.5 నుంచి 5.5 మధ్య ఉంచుతారు. మరీ తగ్గితే ఇంకు ఆరడం ఆలస్యమవుతుంది, మరీ పెరిగితే స్కమ్మింగ్ మొదలవుతుంది.

ట్రాపింగ్ అన్న పదం వస్తే ప్రశ్న ప్రీప్రెస్‌దా (ముద్రణకు ముందు ఫైల్ తయారీ), ప్రెస్‌దా అని ముందు చూడండి. ప్రీప్రెస్‌లో అయితే రిజిస్ట్రేషన్ (రంగులు ఒకదానితో ఒకటి సరిగ్గా కుదరడం) కొంచెం జరిగినా రెండు రంగుల మధ్య తెల్లగీత కనబడకుండా అంచులు ఒకదానిమీదొకటి ఎక్కించడం. లేత రంగును బయటికి పెంచితే స్ప్రెడ్, లేత బ్యాక్‌గ్రౌండ్‌ను లోపలికి తెస్తే చోక్. ప్రెస్‌లో అయితే ముందు పడ్డ ఇంకు మీద తర్వాతి ఇంకు ఎంత బాగా పట్టిందన్నది.

లెక్కల బిట్లు వదలకండి. చూసి అర్థమైందనుకుని పేజీ తిప్పేస్తే హాల్లో చేయి ఆడదు, రోజూ పెన్ను పట్టాల్సిందే. ఫైల్‌లో 50 శాతం ఉన్న చుక్క షీటు మీద 70 శాతంగా వస్తే డాట్ గెయిన్ (చుక్క ఉబ్బడం) 70లోంచి 50 తీసేసి 20. ఆ 20ని 50తో భాగించి 40 అని పెట్టేవాళ్లే ఎక్కువ. గ్రే లెవెల్స్‌కు (ఎన్ని ఛాయలు వస్తాయో) డీపీఐని (అంగుళానికి చుక్కలు) ఎల్పీఐతో (అంగుళానికి స్క్రీన్ గీతలు) భాగించి, వర్గం చేసి, 1 కలపాలి. 2400 డీపీఐ, 150 ఎల్పీఐ అయితే 16 వర్గం 256, ప్లస్ 1, మొత్తం 257. స్క్రీన్ కోణాల్లో (ఒక్కో రంగు చుక్కల వరసలు వంగే కోణాలు) సయాన్ 15, బ్లాక్ 45, మజెంటా 75 డిగ్రీలు. వీటి మధ్య 30 డిగ్రీల ఎడం ఉంటేనే మోరే (చుక్కలు కలిసి ఏర్పడే అక్కర్లేని నమూనా) అదుపులో ఉంటుంది. ఎల్లో కంటికి తక్కువగా ఆనుతుంది కాబట్టి 0 డిగ్రీల దగ్గర పెడతారు.

ఇంపొజిషన్‌ను (పెద్ద షీటు మీద పేజీలు అమర్చే తీరును) చదవొద్దు, కాగితం చేతిలో పట్టుకుని తిప్పండి. రెండో వైపు వేయడానికి షీటును పక్కకు తిప్పే వర్క్ అండ్ టర్న్‌లో గ్రిప్పర్ అంచు (మెషీన్ షీటును పట్టుకునే అంచు) అదే, సైడ్ లే (షీటు పక్క అంచును ఆనించే చోటు) మారుతుంది. తల కిందులుగా తిప్పే వర్క్ అండ్ టంబుల్‌లో గ్రిప్పర్ అంచే మారుతుంది. అందుకే షీట్లు ఒకే కొలతకు కోసి ఉండకపోతే టంబుల్‌లో వెనక పేజీ రిజిస్టర్ తప్పుతుంది.

డిజిటల్ నుంచి టోనర్ (పొడి ఇంకు) మెషీన్ పనిచేసే వరస మీద బిట్ ఖాయం: చార్జింగ్, ఎక్స్‌పోజింగ్, డెవలపింగ్, ట్రాన్స్‌ఫర్, ఫ్యూజింగ్ (వేడితో టోనర్‌ను కాగితానికి అతికించడం), క్లీనింగ్. గోకితే టోనర్ రాలిపోతోందంటే ఫ్యూజింగ్‌లో వేడి చాలలేదని. మడత దగ్గర పగులుతోందంటే ముందు క్రీజింగ్ (మడత గీత నొక్కడం) చేయలేదని, లేదా గ్రెయిన్‌కు (కాగితం పీచు దిశకు) అడ్డంగా మడిచారని. ప్లేటు ఉండదు కాబట్టి ప్రతి షీటుకూ పేరు, నంబరు మార్చుకోవచ్చు. వేరియబుల్ డేటా అంటే అదే.

జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఒక్క నిమిషం పని. ఏ4 వైశాల్యం చదరపు మీటరులో 16వ వంతు. 80 జీఎస్ఎం షీటు 5 గ్రాములు, 500 షీట్ల రీము 2.5 కిలోలు.