తొండి అని అరిచే ముందు డెమో తీయండి

గల్లీ క్రికెట్‌లో తొండి చేసినోణ్ని పట్టడం సులువు. బంతి బ్యాటు అంచుకు తగిలిన చప్పుడు పదిమందీ వింటారు. గేమ్ సర్వర్‌లో ఆ వీలు లేదు. హనుమకొండ హాస్టల్‌లో ఒకడు, కాజీపేటలో ఒకడు, కరీంనగర్‌లో ఇంకొకడు కూర్చుని ఆడుతుంటారు. "అన్నా, ఆడు గోడ అవుతల మనిషిని సూస్తుండు, బ్యాన్ కొట్టు" అని చాట్‌లో ఎవరో అంటారు. ఆ ఒక్క మాట మీద బ్యాన్ కొట్టే అడ్మిన్ తొండి ఆటగాడి కంటే ఎక్కువ చెరుపు చేస్తాడు.

కౌంటర్-స్ట్రైక్ సోర్స్ అనే తుపాకుల ఆట సర్వర్‌నే తీసుకుందాం. ముందు రికార్డింగ్ ఉండాలి. సర్వర్ కాన్ఫిగ్‌లో టీవీ_ఎనేబుల్ 1, టీవీ_ఆటోరికార్డ్ 1 పెట్టి మ్యాప్ మారిస్తే ప్రతి మ్యాచ్ డెమో ఫైల్‌గా, అంటే మళ్లీ చూసుకోగల రికార్డింగ్‌గా పడుతుంది. ఈ రికార్డింగ్ చేసే సోర్స్‌టీవీ ఒక ప్లేయర్ స్లాట్ (ఆటగాడి చోటు) తినేస్తుంది, కాబట్టి ఒక స్లాట్ అదనంగా పెట్టుకోండి. గోడల్ని పారదర్శకం చేసే ఫైళ్లను ఆపడానికి ఎస్‌వీ_ప్యూర్ 2 వాడండి. సర్వర్‌ను మొదలుపెట్టే లాంచ్ లైన్‌లో ఇన్‌సెక్యూర్ అన్న మాట మిగిలి ఉంటే వ్యాక్ (తొండిని పట్టే వాల్వ్ కంపెనీ వ్యవస్థ) అసలు పనిచేయదు. వ్యాక్ పనిచేస్తున్నా సరే, అది దొరికినోణ్ని అప్పటికప్పుడు కాకుండా కొన్నాళ్లు ఆగి బ్యాన్ చేస్తుంటుంది. ఈ రాత్రి మ్యాచ్‌ను కాపాడుకోవాల్సింది అడ్మినే.

ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ల్యాగ్, అంటే నెట్‌లో జరిగే ఆలస్యం. "గోడ వెనక్కి వచ్చినంక సచ్చిన" అంటే అది నిజమే కావచ్చు, తొండి మాత్రం కాకపోవచ్చు. కాల్చినవాడి తెరపై ఆ క్షణానికి ఎవరు ఎక్కడ కనిపించారో సర్వర్ వెనక్కి తిప్పి లెక్కేస్తుంది. ఉదాహరణకు వాడి పింగ్ (సర్వర్‌కు సందేశం పోయి వచ్చే సమయం) 180 మిల్లీసెకన్లు, డిఫాల్ట్ ఇంటర్‌ప్ (కదలిక నున్నగా కనిపించాలని ఆట కావాలని పెట్టే ఆలస్యం) 100 మిల్లీసెకన్లు, మొత్తం 280. కత్తి పట్టుకుని పరుగెత్తేవాడి వేగం సెకనుకు 250 యూనిట్లు (ఆటలోని దూరం కొలత). అంటే 70 యూనిట్ల తేడా. మనిషి వెడల్పు 32 యూనిట్లే, కాబట్టి రెండు శరీరాల దూరం దాటాక కూడా తూటా తగిలినట్టే ఉంటుంది.

ఇక డెమో. డెమో_టైమ్‌స్కేల్ 0.25 పెట్టి నిదానంగా చూడండి. సోర్స్‌టీవీ సెకనుకు తక్కువ స్నాప్‌షాట్లే (ఆట స్థితి చిత్రాలే) రాస్తుంది కాబట్టి మామూలు చేయి కదలిక కూడా ఎగిరి పడ్డట్టు కనిపిస్తుంది. ఒక్క ఝటకా చూసి ఎయిమ్‌బాట్ (దానంతటదే గురిపెట్టే ప్రోగ్రాం) అనకండి. గోడల్లోంచి చూపించే వాల్‌హ్యాక్‌కు నేను నమ్మే గుర్తు వేరే ఉంది: మనిషి లేని మూలను వాడు చూస్తున్నాడా? నిజాయితీగా ఆడేవాడు ఖాళీ మూలల్నీ తడుముతూ పోతాడు, ఎన్నోసార్లు వృథాగా కాల్చేస్తాడు. గోడలోంచి చూసేవాడు ఖాళీ మూలను పట్టించుకోకుండా నేరుగా నడుస్తాడు, మనిషి ఉన్నచోటే ఆగుతాడు. అడుగుల చప్పుడు వినిపించిందా, జట్టువాడు వాయిస్‌లో చెప్పాడా అన్నది కూడా తూకం వేయాలి. ఒక రౌండ్ చాలదు, కనీసం మూడు మ్యాప్‌లు చూడండి.

ఆ మ్యాచ్‌లో ఎదుటి జట్టులో ఆడిన అడ్మిన్ తీర్పు చెప్పొద్దు. బ్యాటింగ్ జట్టువాడే అంపైర్ అయితే ఏమవుతుందో మనకు తెలిసిందే. ఇంకో అడ్మిన్‌కు డెమో పంపండి.

బ్యాన్ ఎప్పుడూ స్టీమ్ ఐడీ (ఆటగాడి ఖాతా నంబరు) మీదే కొట్టండి. ఐపీ (ఇంటర్నెట్ కనెక్షన్ చిరునామా) మీద కొడితే ఒకే కనెక్షన్ వాడే హాస్టల్ మొత్తం బయటపడుతుంది. మొబైల్ నెట్‌లో అయితే ఒకే ఐపీ వెనుక ముక్కూ మొహం తెలియని వాళ్లు ఎందరో ఉంటారు. బ్యాన్‌ఐడీ ఆదేశం తర్వాత బ్యాన్‌ను ఫైల్‌లో రాసే రైట్‌ఐడీ కొట్టకపోతే, ఆ బ్యాన్డ్_యూజర్ ఫైల్‌ను సర్వర్ కాన్ఫిగ్ నుంచి ఎగ్జిక్ చేయకపోతే (చదివించకపోతే), రీస్టార్ట్ కాగానే వాడు మళ్లీ లోపలుంటాడు. రైట్‌ఐడీ రాసేది శాశ్వత బ్యాన్లనే. 1440 నిమిషాలు, అంటే ఒకరోజు, బ్యాన్ కూడా నిలవాలంటే సోర్స్‌బ్యాన్స్ లాంటి డేటాబేస్ కావాలి. అందులో డెమోను బ్యాన్‌కే జత చేయొచ్చు. "నేనేం చేసిన అన్నా?" అని వాడు అడిగినప్పుడు ఆ ఫైల్, అందులో ఎక్కడ చూడాలో చెప్పే టిక్ నంబర్లు ఇవ్వండి.